ఏ మిషన్‌కు ఏ కెర్నెల్? మా షాపు బోర్డు లెక్క

అనంతపురంలో సుభాష్ రోడ్డు పక్క సందులో మా షాపు. లోపలి గోడకు ఒక తెల్లబోర్డు ఉంటుంది. ఎడమ పక్క కస్టమర్ల మిషన్లకు నేను పెట్టుకున్న గుర్తులు: "స్కూలు ల్యాబ్ 22", "ఎడిటింగ్ స్టూడియో", "జేఎన్‌టీయూ పిల్లోడు", "మా ఇంటిది". మధ్యలో కెర్నెల్ నంబరు. కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ, మిషన్‌లోని వస్తువులకూ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడేది. కుడి పక్క ఒక తేదీ, ఆ కెర్నెల్‌కు రిపేర్లు ఆగిపోయే గడువు. లినక్స్ వేసిచ్చిన ప్రతి మిషనూ ఈ బోర్డు ఎక్కాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్లు చూసి బాకీల పట్టీ అనుకుంటారు. అనుకోనీ. ఆ తేదీ దాటితే నిజంగానే నేను బాకీ పడినట్టే.

షాపుకొచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకరు "అన్నా, లేటెస్ట్ కెర్నెల్ ఏసియ్యి, యూట్యూబ్‌లో సూసినా" అంటారు. ఇంకొకరు "నడస్తాండాది కదా సార్, దాన్ని ముట్టుకోవాకండి" అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజమే ఉంది. నేను ఏం చూసి తేలుస్తానో చెప్తాను. లినక్స్‌లో ఉబుంటు, మింట్, డెబియన్ అనే రకాలు వాడేవాళ్లను మనసులో పెట్టుకుని చెప్తున్నాను. నా చేతికొచ్చేవి జాస్తి అవే.

ముందు నంబరు చదవండి

టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి 'యునేమ్ -ఆర్' కొట్టండి. ఉబుంటులో అయితే 6.8.0-60-జెనెరిక్ లాంటిది వస్తుంది. 6.8 అనేది కెర్నెల్ వరస. గీత తర్వాతి 60 ఉబుంటువాళ్ల సొంత లెక్క. డెబియన్‌లో రోంత తిరకాసు ఉంది. అక్కడ 'యునేమ్ -ఆర్' కొడితే 6.1.0-28 అని వస్తుంది, అది ప్యాకేజీ పేరు మాత్రమే. అసలు నంబరు కావాలంటే 'యునేమ్ -వి' కొట్టాలి. అప్పుడు 6.1.119 అని మూడో అంకెతో సహా బయటపడుతుంది. ఆ మూడో అంకెను చాలామంది పట్టించుకోరు కానీ నాకు అదే ముఖ్యం. ఎందుకో కిందికి పోయాక తెలుస్తుంది.

ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు. "అన్నా, 6.8 కంటే 6.12 పాతది కదా, పాయింట్ ఎనిమిది పెద్దది కదా?" అని ఇంజనీరింగ్ చదివే పిల్లలే అడిగారు. ఇది దశాంశం కాదు. పొలం సర్వే నంబరు మాదిరి. 212/9 తర్వాత 212/10 వస్తుంది, 212/11 వస్తుంది. అట్లనే 6.9 తర్వాత 6.10, ఆనక 6.11, 6.12. రైతుల ఇళ్ల పిల్లలు ఈ ముక్క చెప్పగానే పట్టేస్తారు.

ఇంకోటి, 5 పోయి 6 వచ్చిందంటే ఏదో పెద్ద మార్పు జరిగిందనుకోవద్దు. రెండో అంకె మరీ పెద్దదైతే లెక్కపెట్టేందుకు కాళ్ల వేళ్లు, చేతి వేళ్లు చాలవని మొదటి అంకె మారుస్తానని లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ తనే అన్నాడు. 4.0 2015లో, 5.0 2019లో, 6.0 2022లో వచ్చాయి. ఆ మూడుసార్లూ మా షాపులో ఏ మిషనూ తలకిందులు కాలేదు.

కొత్తది అంటే ఏంది, సాకేది అంటే ఏంది

టోర్వాల్డ్స్ తొమ్మిది పది వారాలకొక కెర్నెల్ వదులుతాడు. మొదటి రెండు వారాలు కొత్త కోడ్‌కు గేటు తెరిచి ఉంటుంది. ఆనక గేటు మూసి, వారానికొక ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేది) చొప్పున ఏడో ఎనిమిదో వదిలి తప్పులు ఏరతారు. అది అయినాక అసలు విడుదల. అక్కడి నుంచి దాన్ని గ్రెగ్ క్రో-హార్ట్‌మన్, సాషా లెవిన్ చూసుకుంటారు. రిపేర్లు మాత్రమే అతికిస్తూ మూడో అంకె పెంచుకుంటూ పోతారు. తర్వాతి కెర్నెల్ వచ్చిన కొన్ని వారాలకు దీన్ని వదిలేస్తారు. అంటే కెర్నెల్ డాట్ ఆర్గ్ (అసలు కెర్నెల్ దొరికే సైటు) వాళ్ల కొత్త కెర్నెల్‌ను పట్టుకున్నవాడు మూడు నెలలకొకసారి బండి మారాల్సిందే. మారకపోతే రిపేర్లు ఆగిపోయిన కెర్నెల్ మీద కూర్చున్నట్టు.

ఏడాదికొకదాన్ని మాత్రం ఎంచుకుని ఏళ్ల తరబడి సాకుతారు. ఆ ఏడాదిలో చివర వచ్చినదే మామూలుగా దానికి ఎంపికవుతుంది. 2020లో 5.10, 2021లో 5.15, 2022లో 6.1, 2023లో 6.6, 2024లో 6.12, 2025లో 6.18. ఎల్‌టీఎస్, అంటే లాంగ్ టర్మ్ సపోర్ట్, అనేది వీటినే.

ఎల్‌టీఎస్ అంటే పాత సరుకు అనుకునేవాళ్లకు ఒక మాట. దాంట్లోకి ఏ రిపేరు పోవాలన్నా అది ముందు టోర్వాల్డ్స్ దగ్గరి కొత్త కెర్నెల్‌లో చేరి ఉండాలి. చిన్నదిగా ఉండాలి, నిజంగా ఎవరికో ఇబ్బంది పెడుతున్న తప్పును సరిచేసేదై ఉండాలి. కాబట్టి ఎల్‌టీఎస్ వెనకబడేది కొత్త హార్డ్‌వేర్‌లో, కొత్త సౌకర్యాల్లో. రిపేర్లలో వెనకబడదు, మీరు అప్‌డేట్లు ఆపేస్తే తప్ప.

గడువు సంగతి చూస్తే, ఒకప్పుడు ఆరేళ్లు సాకేవాళ్లు. ఇంక రెండేళ్లే అని 2023లో చెప్పారు. కానీ ఈ తేదీలు రాతిలో చెక్కినవి కావు. 5.10ను మొదట రెండేళ్లకే అనుకుని తర్వాత 2026 డిసెంబర్ దాకా జరిపారు. అందుకే నేను బోర్డు కుడి పక్క తేదీ రాసేముందు ప్రతిసారీ కెర్నెల్ డాట్ ఆర్గ్‌లో 'రిలీజెస్' పేజీ తెరిచి చూస్తాను. ఎవరో చెప్పిన తేదీ రాయను.

మీ కెర్నెల్‌ను సాకేది ఎవరో కనుక్కోండి

ఇదొక్కటి తెలిస్తే సగం గందరగోళం పోతుంది. "నాది ఉబుంటు ఎల్‌టీఎస్ అన్నా, కాబట్టి కెర్నెల్ కూడా ఎల్‌టీఎస్సే" అంటారు. కాదు. ఉబుంటు 24.04 వచ్చింది 6.8తో. పైన చెప్పిన వరసలో 6.8 లేదు, చూడండి. కెర్నెల్ డాట్ ఆర్గ్ వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. అయినా భయం లేదు, ఎందుకంటే దాన్ని ఉబుంటు కంపెనీ కెనానికల్ వాళ్లు తమ ఇంట్లో సాకుతున్నారు. ఇంకో లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్లూ అంతే. రెడ్‌హ్యాట్ 9లో 5.14 అని కనిపిస్తుంది, లోపల మాత్రం కొత్త కెర్నెళ్ల నుంచి తెచ్చి కుట్టిన ముక్కలు బోలెడు. డెబియన్ వాళ్లది వేరే పద్ధతి. అసలు ఎల్‌టీఎస్‌నే తీసుకుంటారు. 2023లో వచ్చిన డెబియన్ 12కు 6.1, 2025లో వచ్చిన డెబియన్ 13కు 6.12.

ఉబుంటులో ఇంకో మెలిక ఉంది. ఒకే 24.04లో రెండు దారులున్నాయి. జీఏ అంటే మొదట వచ్చిన 6.8 మీదే కడదాకా ఉండడం. హెచ్‌డబ్ల్యూఈ అంటే ఆర్నెల్లకొకసారి కొత్త వరసకు ఎక్కుతూ పోవడం. 6.8 నుంచి 6.11, అక్కడి నుంచి 6.14, అట్ల. సర్వర్ వేసుకుంటే మామూలుగా జీఏ దారిలో పడతారు, డెస్క్‌టాప్ వేసుకుంటే హెచ్‌డబ్ల్యూఈ దారిలో పడతారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మీరు ఏ దారిలో ఉన్నారో చూడాలంటే, వేసిన ప్యాకేజీల్లో 'లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ' అని ఉందో లేదో వెతకండి.

ఈ రెండు దారులూ కాదని కెర్నెల్ డాట్ ఆర్గ్ నుంచి సొంతంగా దించుకుని వేసుకుంటానంటే, అప్పట్నుంచి దాన్ని సాకేది మీరే. ప్రతి వారం చూసుకునే ఓపిక ఉంటే సంతోషం. నాకు లేదు.

మిషన్‌ను అడగాల్సిన ప్రశ్న

"నీకు ఈరోజు ఏం తక్కువైంది?" ఇంతే. కెర్నెల్ 6.6లో షెడ్యూలర్ మారింది, 6.12లో రియల్‌టైమ్ ప్యాచ్ చేరింది, ఇవన్నీ చదువుకోడానికి బాగుంటాయి. మీ మిషన్‌లో వైఫై, సౌండు, స్క్రీన్, నిద్ర లేవడం, బ్యాటరీ అన్నీ సరిగ్గా ఉంటే కొత్త కెర్నెల్ మీకు ఇచ్చేదేమీ లేదు. సాకే కెర్నెల్ మీద ఉండి అప్‌డేట్లు చేసుకోండి. ఏదైనా తక్కువైతే మాత్రం, ఆ వస్తువు ఏ కెర్నెల్‌లో చేరిందో కనుక్కుని, అక్కడిదాకే ఎక్కండి.

జేఎన్‌టీయూ పిల్లోడు దీనికి ఉదాహరణ. 2024 మొదట్లో కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. డెబియన్ 12 తనే వేసుకున్నాడు. "వైఫై గుర్తే కనపడ్లేదన్నా, కార్డు పోయినట్లుండాది" అన్నాడు. కార్డు పోతే విండోస్‌లోనూ రాకూడదు కదా. 'ఎల్ఎస్‌పీసీఐ -కె' కొట్టించాను. ఈ కమాండ్ ప్రతి వస్తువు పేరూ చెప్పి, కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఏ డ్రైవర్ (ఆ వస్తువును నడిపే ప్రోగ్రాము) పట్టుకుందో చెప్తుంది. అతని కార్డు రియల్‌టెక్ 8852బీఈ. కింద డ్రైవర్ వరస ఖాళీ. ఆ కార్డుకు డ్రైవర్ కెర్నెల్‌లోకి వచ్చింది 6.2లో. డెబియన్ 12లో ఉన్నది 6.1. ఒక్క మెట్టు తేడా.

ఇట్లాంటప్పుడు చాలామంది గిట్‌హబ్‌లో ఎవరో పెట్టిన డ్రైవర్ దించి కంపైల్ చేస్తారు. ఆరోజుకు పనవుతుంది. నెల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ రాగానే మళ్లీ వైఫై మాయం, మళ్లీ షాపుకు. నేను డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ దారి పట్టాను. బ్యాక్‌పోర్ట్స్ అంటే, రాబోయే డెబియన్ కోసం సిద్ధమవుతున్న ప్యాకేజీలను ఇప్పటి డెబియన్‌కు సరిపోయేట్టు కట్టి ఇచ్చే చోటు. 6.2 దాటిన కెర్నెల్ అప్పటికే అందులో ఉంది. ఇంటర్నెట్ లేదు కాబట్టి ఫోన్‌కు యూఎస్‌బీ కేబుల్ పెట్టి టెదరింగ్ ఆన్ చేశాం. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసుండే సోర్సెస్ ఫైల్లో బ్యాక్‌పోర్ట్స్ వరసను చేర్చి, 'లినక్స్-ఇమేజ్-ఏఎండీ64' ప్యాకేజీని అక్కడి నుంచి వేశాం. రీస్టార్ట్ చేశాం.

వైఫై రాలేదు.

ఇక్కడ చాలామంది "కొత్త కెర్నెల్ కూడా పనికిరాలేదు" అని విసుక్కుని వెళ్లిపోతారు. కెర్నెల్ రాసుకున్న చిట్టాను చూపే 'డీమెస్గ్' కొట్టి చూస్తే కార్డును డ్రైవర్ పట్టుకునే ఉంది, ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని మొత్తుకుంటోంది. డ్రైవర్ కెర్నెల్‌లో ఉంటుంది. కార్డు లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ వేరే ప్యాకేజీలో ఉంటుంది. కొత్త కెర్నెల్ అడిగే ఫైలు పాత ప్యాకేజీలో ఉండకపోవచ్చు. 'ఫర్మ్‌వేర్-రియల్‌టెక్' కూడా బ్యాక్‌పోర్ట్స్ నుంచే వేశాక ఇంటి వైఫైలు, పక్క మొబైల్ షాపు వైఫై, అన్నీ వరసగా కనిపించాయి. కాబట్టి గుర్తుపెట్టుకోండి: కెర్నెల్ మారిస్తే ఫర్మ్‌వేర్ కూడా దాని జతలో మారాలి. గ్రాఫిక్స్ కార్డులకూ ఇదే మాట.

బోర్డు మీద ఆ పిల్లోడి వరసలో నంబరు పక్కన "బ్యా" అని ఎర్ర స్కెచ్‌తో రాశాను. బ్యాక్‌పోర్ట్స్‌కు సెక్యూరిటీ రిపేర్లు వస్తాయి గానీ, మామూలు డెబియన్ కెర్నెల్‌కు ఉన్నంత హామీ ఉండదు. అది తాత్కాలిక బస, సొంతిల్లు కాదు. ఎర్రగా ఉంటే మరిచిపోను.

ఇట్ల పైకి ఎక్కాల్సిన మిషన్లు ఏవంటే, అంగట్లోకి వచ్చి ఏడాదిలోపు ఉన్న ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ. కొత్త గ్రాఫిక్స్ కార్డులు. ఇంటెల్ ఆర్క్ మొదటి తరం కార్డులు 6.2 నుంచే ఏ సెట్టింగూ మార్చకుండా నడిచాయి. రియల్‌టెక్ యూఎస్‌బీ వైఫై డాంగిళ్లు కొన్ని కూడా, 8821సీయూ లాంటివి, 6.2లోనే చేరాయి. 300, 400 రూపాయల డాంగిల్ కోసం రెండు గంటలు పోగొట్టుకునే బదులు కెర్నెల్ చూసుకుంటే సరిపోతుంది. విండోస్ డిస్కులు తగిలించుకునేవాళ్లకు 5.15లో వచ్చిన కొత్త ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ పనికొస్తుంది.

పదేళ్ల నాటి ఐ3 మిషన్లు, స్కూలు ల్యాబులు, బిల్లింగ్ కౌంటర్లు సాకే కెర్నెల్ మీదే ఉండాలి. ఆలోచించాల్సిన పని లేదు.

స్టూడియో కథ, అందులో నా తప్పు

కెర్నెల్ బయట కట్టిన డ్రైవర్ ఏదైనా మీ మిషన్‌లో ఉంటే లెక్క మారిపోతుంది. ఎన్విడియా సొంత డ్రైవర్, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు, జడ్‌ఎఫ్ఎస్, పాత బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్, ఇవన్నీ ఆ కోవలోవే. కెర్నెల్ లోపల ఉన్న డ్రైవర్‌ను, లోపల ఏం మార్చినా వాళ్లే సర్దుతారు. బయటిదాన్ని ఎవరూ చూడరు. వాడుకరి ప్రోగ్రాములను చెడగొట్టకూడదని టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబడతాడు, కానీ ఆ మాట కెర్నెల్ లోపలి అతుకులకు వర్తించదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియోకు ఉబుంటు 22.04 వేసిచ్చాను. రెండు మానిటర్ల కోసం పాత గ్రాఫిక్స్ కార్డు, దానికి కంపెనీ డ్రైవర్. డీకేఎంఎస్ పెట్టాను కాబట్టి చిన్న అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా డ్రైవర్ తనంతట తనే కంపైల్ అయ్యేది. నేను చూసుకోనిది ఒక్కటే, మిషన్ హెచ్‌డబ్ల్యూఈ దారిలో ఉంది. 2024లో, సరిగ్గా శ్రావణ ముహూర్తాలు మొదలయ్యే రోజుల్లో, 22.04లో ఆ దారి 6.5 నుంచి 6.8కి ఎక్కింది. పొద్దన్నే ఫోన్. "సార్, ఒక టీవీనే వస్తాంది, బొమ్మలు ఇంతింత లావు ఉండాయి. రేపు డెలివరీ ఇయ్యల్ల." మానిటర్‌ను టీవీ అనడం ఆయన అలవాటు.

పోయి చూస్తే 'డీకేఎంఎస్ స్టేటస్'లో 6.5కు డ్రైవర్ ఉంది, 6.8కు లేదు. కంపైల్ తప్పింది. రీస్టార్ట్ చేసి, మిషన్ లేచేటప్పుడు ఏ కెర్నెల్ ఎక్కాలో అడిగే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'కు పోయి పాత 6.5 ఎంచాను. రెండు మానిటర్లూ వచ్చాయి. రెండు నిమిషాల పని. ఆయన టీ తెప్పించేలోపే అయిపోయింది. కానీ 6.5 మీద ఉంచలేను, దాన్ని ఇంక ఎవరూ సాకరు. ముహూర్తాలు అయినాక ఒక ఆదివారం పోయి జీఏ దారికి, అంటే 5.15కు దింపాను.

దింపేటప్పుడు ఒక మెలిక ఉంది. 'లినక్స్-జెనెరిక్' ప్యాకేజీ వేసి, 'లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04' తీసేస్తే సరిపోతుందనుకుంటాం. రీస్టార్ట్ చేస్తే మళ్లీ 6.8లోకే పోతుంది, ఎందుకంటే గ్రబ్ ఎప్పుడూ పెద్ద నంబరునే మొదట ఎక్కిస్తుంది. మెనూలో 5.15 ఎంచి, దాంట్లోకి వచ్చాక, అన్నీ బాగున్నాయని చూసుకుని, అప్పుడు 6.8, 6.5 ఇమేజీలను తీసేయాలి. కూర్చున్న కొమ్మను నరుక్కోవద్దు: ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ను తీయబోతే సిస్టమ్ హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక వస్తే ఆగిపోండి.

జీటీ 710 లాంటి ఎన్విడియా కెప్లర్ తరం కార్డులున్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చదవాలి. వాటికి పనిచేసే ఆఖరు ఎన్విడియా డ్రైవర్ 470. దాని గడువు 2024లో అయిపోయింది. రాబోయే కెర్నెళ్లకు దాన్ని సర్దేపని కంపెనీ చేయదు. సాకే కెర్నెల్ మీద ఉన్నన్నాళ్లు ఉండి, ఆనక కెర్నెల్ లోపలే ఉండే నూవో డ్రైవర్‌కో, వేరే కార్డుకో మారాలి.

ఏ పక్కనైనా గుంతలున్నాయి

కొత్త కెర్నెళ్ల గుంతలు అందరికీ తెలిసినవే. 2021 మార్చిలో 5.12-ఆర్‌సీ1లో స్వాప్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే ఫైలు) తప్పు బయటపడి, డిస్కులోని వేరే డేటా మీద రాసేసే ప్రమాదం వచ్చింది. టోర్వాల్డ్స్ దానికి 'డోంట్ యూజ్' అని పేరే మార్చాడు. ఆర్‌సీ కెర్నెళ్లు పనిచేసుకునే మిషన్‌లో వేయొద్దని నేను చెప్పడానికి ఇదే చాలు. 2022లో 5.19.12 కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల స్క్రీన్లను తెల్లగా మెరిపించింది. స్క్రీన్‌కే దెబ్బ తగలొచ్చని ఇంటెల్ ఇంజనీరు హెచ్చరించాక 5.19.13లో సరిచేశారు. రెండు ఆర్‌సీల మధ్య కాదు, విడుదలైన కెర్నెల్‌కు వచ్చిన రిపేర్లలోనే అది దొర్లింది.

సాకే కెర్నెల్‌లోనూ ఇట్లాంటిది జరిగింది. 2023 డిసెంబర్‌లో 6.1.64లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ డేటా పాడయ్యే తప్పు బయటపడింది. కొత్త కెర్నెల్‌లో జంటగా ఉండాల్సిన రెండు మార్పుల్లో ఒకటే పాతదాంట్లోకి చేరింది, రెండోది చేరలేదు. డెబియన్ వాళ్లు 12.3 విడుదలను ఆపేసి, సరిచేసిన కెర్నెల్‌తో డిసెంబర్ 10న నేరుగా 12.4 ఇచ్చారు.

దీన్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. స్కూలు ల్యాబ్‌లో 22 మిషన్లుంటే, అప్‌డేట్ మొదట టీచర్ టేబుల్ పక్కనున్న ఒక్కదానికే. నాలుగైదు రోజులు దాన్ని పిల్లలు చితకబాదినాక మిగతా 21కి. మా నాయన టీఎంవీ-2 చెనిక్కాయ వేసేవాడు. కదిరి-6 గురించి అందరూ చెప్తుంటే, మొత్తం చేనుకు కాకుండా గట్టు పక్క ఎకరాలో వేసి ఒక కారు చూశాడు. నేను చేసేదీ అదే, కాకపోతే నాకు కారు అంటే నాలుగు రోజులు. నాలుగు నెలలు ఆగడం మాత్రం తప్పు. "ఎల్‌టీఎస్ కదా, ఏం కాదు" అని 4.19 మీద కూర్చున్నవాళ్లను చూశాను. దాని గడువు 2024 డిసెంబర్‌లో తీరిపోయింది. మూడో అంకె పెరగని ఎల్‌టీఎస్‌కూ, వదిలేసిన కెర్నెల్‌కూ తేడా లేదు. పైన మూడో అంకె నాకు ముఖ్యమన్నది ఇందుకే.

వేసేరోజు చేయాల్సినవి

మొదట 'డీఎఫ్ -హెచ్' కొట్టి బూట్ పార్టిషన్ వేరేగా ఉందేమో, అందులో జాగా ఉందో లేదో చూడండి. పాత ఇన్‌స్టాళ్లలో బూట్‌కు 500 ఎంబీ కూడా ఇవ్వనివి ఉంటాయి. రెండు మూడు కెర్నెళ్లు చేరేసరికి నిండిపోతుంది, కొత్తది సగమే రాసుకుని ఆగిపోతుంది. 'ఆటోరిమూవ్' చేస్తే పాతవి పోతాయి, చివరి రెండూ మిగులుతాయి.

తర్వాత గ్రబ్ మెనూ కనిపించేట్టు చేయండి. ఉబుంటు దాన్ని దాచి ఉంచుతుంది. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ లోపలి గ్రబ్ ఫైలు తెరిచి, టైమౌట్ స్టైల్ దగ్గర 'హిడెన్' తీసి 'మెనూ' పెట్టండి, టైమౌట్ 5 పెట్టండి, 'అప్‌డేట్-గ్రబ్' కొట్టండి. దాచి ఉన్నప్పుడే అవసరం పడితే, పాత బయోస్ మిషన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ మిషన్లలో ఎస్కేప్ తట్టాలి. ఫోన్‌లో కస్టమర్‌కు ఇది చెప్పి చేయించడం నరకం. అందుకే ముందే మెనూ తెరిచిపెట్టి, పాత కెర్నెల్ ఎట్ల ఎంచాలో ఆయన చేతనే ఒకసారి చేయించి పంపుతాను.

డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పనిచేస్తోందా చూడండి. మా దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు చెప్పి పోదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (కెర్నెల్ లేచేటప్పుడు మొదట కావాల్సిన ఫైలు) కట్టే నిమిషంలో పోతే కొత్త కెర్నెల్ ఎక్కదు. అప్పుడు కూడా పాత కెర్నెల్‌లోకి పోయి మళ్లీ కట్టుకోవచ్చు, మెనూ ఉంటే.

సెక్యూర్ బూట్ (సంతకం లేని కెర్నెల్‌ను ఎక్కనివ్వని కాపలా) ఆన్‌లో ఉన్న మిషన్లలో ఉబుంటు మెయిన్‌లైన్ బిల్డులు, అంటే టోర్వాల్డ్స్ కెర్నెల్‌ను పరీక్షల కోసం కట్టి పెట్టినవి, వేస్తే "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అని ఆగిపోతుంది. వాటికి సంతకం ఉండదు. ఏదైనా పరీక్షించడానికి వాటిని వాడొచ్చు, రోజూ వాడుకోడానికి కాదు.

కొత్త కెర్నెల్‌లోకి వచ్చాక నేను చూసేవి: మూత మూసి తెరిస్తే లేస్తుందా, హెడ్‌ఫోన్ పెడితే సౌండ్ మారుతుందా, హెచ్‌డీఎంఐకి టీవీ తగిలిస్తే వస్తుందా, ప్రింటర్ తీస్తుందా, ఒక గంట వాడితే బ్యాటరీ ఎంత దిగింది. మూత తెరిచినా లేవకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురైన జబ్బు.

ఏదో ఒక కారణంతో కెర్నెల్‌ను అక్కడే ఆపాల్సి వస్తే 'ఆప్ట్-మార్క్ హోల్డ్' ఉంది. ఇది మాత్రం బోర్డు మీద తేదీతో సహా రాయాలి. మా ఇంటి మిషన్‌కే ప్రింటర్ గొడవతో హోల్డ్ పెట్టి మరిచిపోయాను. పద్నాలుగు నెలల తర్వాత మా పాప "నాన్నా, అప్‌డేట్ ఎందుకు రావట్లేదు" అని అడిగితే గుర్తొచ్చింది. ఊరందరికీ చెప్పేవాడి ఇంట్లో దీపం ఆరిపోయినట్టు.

ఆర్చ్ అనే ఇంకో రకం లినక్స్ వాడే పిల్లలకు ఇంత తంతు లేదు. 'లినక్స్', 'లినక్స్-ఎల్‌టీఎస్' అని రెండు ప్యాకేజీలుంటాయి, రెండూ పక్కపక్కనే వేసుకుంటే ఒకటి పడుకున్న రోజు రెండోది ఎక్కుతారు. ఫెడోరా అనే రకం ఎప్పుడూ కొత్తవాటి వెంటే పోతుంది, మూడు కెర్నెళ్లు దాచి ఉంచుతుంది. ఆ దారి ఎంచుకున్నవాళ్లు సాకే కెర్నెల్ కావాలని నన్ను అడగరు.

జేఎన్‌టీయూ పిల్లోడు 2025 చివర్లో మళ్లీ వచ్చాడు, డెబియన్ 13కు మార్చమని. అప్పటికి బ్యాక్‌పోర్ట్స్ దారిలో అతని కెర్నెల్ మెట్టు మెట్టు ఎక్కి 6.12 దాకా వచ్చేసింది. డెబియన్ 13లో ఉన్నదీ 6.12. అప్‌గ్రేడ్ అయినాక 'యునేమ్ -ఆర్' కొట్టి, "ఏం మారిందన్నా, నంబరు అదే ఉండాది" అన్నాడు. సోర్సెస్ ఫైల్లోని బ్యాక్‌పోర్ట్స్ వరస అతని చేతే తీయించాను. బోర్డు దగ్గరికి పోయి ఎర్ర "బ్యా" తుడిచేసి, కుడి పక్క కొత్త తేదీ రాశాను. స్కెచ్ మరక మాత్రం ఇంకా లేతగా కనిపిస్తూనే ఉంది, స్పిరిట్ పెట్టి తుడవాలి.